రత్నం ఫొటో స్టూడియో, పుట్టగొడుగుల శాఖ

బందరులో నేను ఫొటో తియ్యని పెళ్లికొడుకు లేడని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాణ్ని. ఇప్పుడు ఆ పెళ్లికొడుకులే తమ మనవల ఫొటోలు ఫోనులో తీసి, రోడ్డు మీద నన్ను ఆపి మరీ చూపిస్తున్నారు. "ఎలా ఉందండీ రత్నం గారూ, అచ్చం మీరు తీసినట్టే లేదూ?" అని అడుగుతారు. అచ్చం నేను తీసినట్టే ఉందని చెప్పి, ఒక నవ్వు నవ్వి, స్టూడియోకి వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంటాను. ఆ కుర్చీలో కూర్చుని కనకరత్నం అనే నేను చేపట్టిన చివరి వ్యాపారం గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోవద్దు. మా నాన్న కట్టించిన ఒక షట్టరు గది, దాని వెనక ఇంకో చిన్న గది. ముందు గదిలో ఊటీ కొండలు గీసిన తెర ఉంటుంది. చెమ్మకి మరకలు పట్టి, ఊటీలో లేని కొండలు కూడా ఇప్పుడు అందులో కొన్ని లేచాయి. వెనక గది డార్క్ రూము. చీకట్లో మందునీళ్లలో ఫొటోలు కడిగే రోజుల్లో నా రాజ్యమంతా అదే. కంప్యూటర్లు వచ్చాక అందులో విరిగిన స్టాండులు, పాత ఆల్బం అట్టలు, బొద్దింకలు చేరాయి.

మా ఆవిడ కృపాకుమారి మున్సిపల్ స్కూల్లో టీచరు. ఇల్లు నడిచేది ఆవిడ జీతంతో. స్టూడియో కరెంటు బిల్లు కూడా ఆ జీతంలోంచే వెళ్తుందని మా ఇద్దరికీ తెలుసు, కానీ ఆ మాట ఎవరం పైకి అనం. ఆవిడ చాలా ఏళ్లు ఓపిక పట్టింది. నేను కంజుపిట్టలు పెంచినప్పుడు ఓపిక పట్టింది, వాటిని పిల్లి ఎత్తుకుపోయినప్పుడూ పట్టింది. జనం గ్రీటింగ్ కార్డులు కొనడం మానేసిన ఏడాదే నేను గ్రీటింగ్ కార్డుల ఏజెన్సీ తీసుకుంటే, ఆ కార్డులన్నీ ఏళ్ల తరబడి స్కూల్లో పిల్లలకి బహుమతులుగా పంచింది. చివరికి మా చర్చికే వచ్చే రోజా, కర్రీ పాయింట్ పెట్టుకోవడానికి షాపు అడిగేసరికి ఆవిడ ఓపిక అయిపోయింది.

"ఏవండీ, రోజా కష్టపడే పిల్ల. తోపుడు బండి మీద ఎండలో నిలబడి అమ్ముకుంటోంది పాపం. షట్టరు ఆ అమ్మాయికిచ్చేద్దాం. మీరు ఇంట్లో హాయిగా ఉండండి," అంది.

ఆ 'హాయిగా' అన్న మాటకి నాకు నిజంగా భయం వేసింది. పొద్దున్నే తయారై షట్టరు ఎత్తడం, తడిగుడ్డతో అద్దాలు తుడవడం, పక్క షాపు యాకూబ్‌తో టీ తాగడం, ఎన్నో ఏళ్లుగా నేనంటే ఇదే. బేరం ఉన్నా లేకపోయినా వెళ్లడానికి ఒక చోటంటూ ఉంది. అది పోతే ఇంట్లో ఏ గదిలో ఏ మూల కూర్చోవాలో కూడా నాకు తెలియదు. ఇదంతా ఆవిడతో చెప్పడానికి సిగ్గేసి, "చూద్దాంలే," అన్నాను.

దసరా వెళ్లిన కొత్తలో మోపిదేవిలో చెవులు కుట్టించే ఫంక్షనుకి నన్ను పిలిచారు. పాత పరిచయం కొద్దీ పిలిచారే గాని, అక్కడ నాతో ఎవరికీ అవసరం లేదు. సరిగ్గా పిల్ల ఏడ్చే సమయానికి నా కెమెరాకి అడ్డంగా ఫోనులన్నీ లేచాయి. ఆ రోజు నేను తీసిన ఫొటోల్లో సగం మోచేతులే. భోజనాల దగ్గర మాత్రం నాకెవరూ అడ్డం రాలేదు. పుట్టగొడుగుల కూర రెండోసారి కూడా వేయించుకుని, ఇవి ఎక్కడివని వంటాయన్ని అడిగాను. అవనిగడ్డలో రామలక్ష్మి గారని ఒకావిడ పెంచుతారని చెప్పాడు. బందరు బస్సు వదిలేసి అవనిగడ్డ ఆటో ఎక్కాను.

రామలక్ష్మి గారు ముందు నన్ను కాళ్లు కడుక్కోమన్నారు. తర్వాత చేతులు కడుక్కోమన్నారు. ఆ తర్వాత కూడా లోపలికి రానివ్వకుండా గుమ్మంలోనే నిలబడి చూడమన్నారు. లోపల చీకటి, నేలంతా తడి. తాళ్లకి పాలిథిన్ సంచులు వేలాడుతున్నాయి. వాటి నిండా వరిగడ్డి, సంచుల పక్కలకి పొడిచిన బెజ్జాల్లోంచి తెల్లటి పుట్టగొడుగులు గుత్తులు గుత్తులుగా బయటికి వచ్చి ఉన్నాయి. చీకటి గది, తడి నేల, తాళ్లకి వేలాడే సరుకు, లోపలికి రావద్దని గుమ్మంలో అరిచే మనిషి. నా సగం జీవితం అచ్చం ఇలాంటి గదిలోనే గడిచింది కదా అనుకున్నాను. ఇది దేవుడు నా కోసం అట్టేపెట్టిన వ్యాపారమని అక్కడికక్కడే తేల్చేసుకున్నాను.

ఆవిడ పనంతా ఓపిగ్గా చెప్పారు. గడ్డిని చిన్న ముక్కలుగా కోసి నానబెట్టాలి. మరిగే నీళ్లలో ఉడికించి, తడి ఆరీ ఆరనట్టు ఆరబెట్టాలి. దాన్ని సంచిలో పొరలు పొరలుగా నింపుతూ మధ్య మధ్య విత్తనం చల్లాలి. విత్తనమంటే జొన్న గింజల మీద పెంచిన ఒక రకం తెల్లటి బూజు. అది చీకట్లో గడ్డంతా అల్లుకుని సంచి తెల్లబడితే పంట వస్తుంది. సంచి పచ్చబడిందంటే వేరే బూజు దూరినట్టు, ఇక దాన్ని పారెయ్యడమే.

"గదిలోకి మీరొక్కరే వెళ్లండి. చేతులు సబ్బుతో కడుక్కుని వెళ్లండి. ఊరికే చూసిపోతామని వచ్చేవాళ్లని అసలు రానివ్వకండి. ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే చాలండి," అన్నారు.

"డార్క్ రూము మనిషినండీ నేను! ఆ సంగతి నాకు వేరే చెప్పాలా?" అన్నాను. నా వయసు చూసి కాబోలు, ఆవిడ నమ్మేశారు.

ఇంటికొచ్చి కృపకి అంతా చెప్పాను. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతూ వింది. మధ్యలో ఒకసారి తలెత్తి, "పిల్లి పుట్టగొడుగులు తినదు కదా?" అని అడిగింది. తినదని హామీ ఇచ్చాను.

"అయితే కోత పండగ దాకా చెయ్యండి," అంది.

కోత పండగంటే మా చర్చిలో జనవరి చివర్లో ఒక ఆదివారం జరుపుకుంటాం. ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెచ్చి చర్చిలో దేవుడి బల్ల ముందు పెడతారు. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, గుడ్లు, పొలం లేనివాళ్లయితే పెరట్లో కాసిన ఆనపకాయైనా సరే. ఆరాధన అయ్యాక అన్నిటినీ అక్కడే వేలం వేస్తారు.

"ఆ రోజు బల్ల ముందు మీ పంట కూడా నాకు కనబడాలి. అప్పుడు చెప్తాను, షట్టరు మీకా, రోజాకా అని. రోజాతో కూడా ఈ మాటే అంటాను," అంది. టీచరు కదా, గడువు పెట్టడం ఆవిడకి బాగా వచ్చు.

నేను డార్క్ రూము ఖాళీ చేసి, నేల కడిగి, గోడలకి సున్నం వేశాను. గుడివాడ దగ్గర నందివాడలో మా తోడల్లుడు జనార్దనరావుకి పొలం ఉంది. కోతలు అయ్యాక కొత్త గడ్డి కాస్త పంపమని ఫోన్ చేస్తే, కాస్త అన్న మాట వినపడలేదేమో, ఏకంగా ట్రాక్టరు పంపాడు. ఆ గడ్డి దించేసరికి వీధిలో రెండు షాపులు మూసుకుపోయాయి. ఎక్కడి నుంచి వచ్చాయో గాని గేదెలు కూడా వచ్చాయి.

"ఏంటి బావా, ఫొటోలు మానేసి పాడి పెట్టావా?" అన్నాడు యాకూబ్.

యాకూబ్ ఫొటోలకి ఫ్రేములు కడతాడు. మా ఇద్దరి వ్యాపారాలూ ఒకేసారి మొదలయ్యాయి. నాది పోయినా అతనిది పోలేదు. బతికున్నవాళ్లని ఫోనులో దాచుకుంటారు గాని, చనిపోయినవాళ్లని గోడకి తగిలించాల్సిందే కదా. ఆ ధీమాతో అతను నన్ను ఎంత మాటైనా అంటాడు, ఆ తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి సాయానికీ వస్తాడు. ఫొటోలు కోసే కట్టరు మీద ఇద్దరం కూర్చుని గడ్డి కోశాం. మొదటి రోజు పాస్‌పోర్టు సైజులో కోశాం. రెండో రోజుకి విసుగొచ్చి పోస్టుకార్డు సైజుకి దిగాం.

సంచులు నింపి, ఒకప్పుడు తడి ఫొటోలు ఆరేసిన తాళ్లకే వేలాడదీశాను. తాళ్లు చాలక మిగిలిన కొన్నిటిని పాత సింకు కింద పెట్టాను. చీకటి గది అనగానే అలవాటుకొద్దీ ఎర్ర బల్బు కూడా వెలిగించాను. పుట్టగొడుగులకి ఎర్ర బల్బు అక్కర్లేదని రామలక్ష్మి గారు ఫోనులో చెప్పినా తియ్యలేదు. ఆ వెలుతురులో నేను కాస్త పనిమంతుడిలా కనిపిస్తానని నా నమ్మకం.

క్రిస్మస్ వెళ్లేసరికి సంచుల్లో అక్కడక్కడా తెల్లగా అల్లుకోవడం మొదలైంది. రోజూ వెళ్లి చూసేవాణ్ని. ఒకప్పుడు ట్రేలో తెల్ల కాగితం మీద మొహాలు మెల్లగా తేలుతుంటే చూసినట్టే చూసేవాణ్ని. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ గదిలో నాకు మళ్లీ సంతోషం కలిగింది. అది నా ఒక్కడి దగ్గరే దాచుకుని ఉంటే బాగుండేది.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. ఎవరో ఆపరేషను సంగతి చెప్పారు, ఎవరో కూతురి ఉద్యోగం సంగతి చెప్పారు. నేను లేచి పుట్టగొడుగుల సంగతి చెప్పాను. చెబుతూ చెబుతూ, నాలుగు సంచులు తెల్లబడితే మొత్తం కృష్ణా జిల్లాకి సరఫరా చెయ్యబోతున్నట్టు చెప్పాను. మొదటి పంట పూర్తిగా కోత పండగనాడు దేవుడి బల్ల ముందు పెడతానని కూడా చెప్పాను. ఆడవాళ్ల వైపు కృప తల వంచుకుని పాటల పుస్తకం తిరగేస్తోంది.

మా పాస్టరు శామ్యూల్ రాజ్ అయ్యగారు చాలా సంతోషించారు. "రత్నం గారూ, దేవుడి కోసం పండించే గదిని ప్రతిష్ఠ చెయ్యకపోతే ఎలాగండీ? శుక్రవారం సాయంత్రం సంఘమంతా వచ్చి ప్రార్థన చేద్దాం," అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నేను అందరికంటే గట్టిగా అన్నాను.

"రామలక్ష్మి గారు గదిలోకి ఎవర్నీ రానివ్వద్దన్నారు కదా?" అని ఇంటికెళ్లాక కృప అడిగింది.

"ఊరికే చూడ్డానికి వచ్చేవాళ్లని వద్దన్నారు. వీళ్లు ప్రార్థనకి వస్తున్నారు. తేడా లేదూ?" అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం జనం బాగానే వచ్చారు. అయ్యగారు పెడనలో ఇంకో ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. వచ్చినవాళ్లని ఊరికే ఎంతసేపు కూర్చోబెడతామని, ప్రార్థన తర్వాత పెట్టాల్సిన వేడి పునుగులు ముందే పంచాను. ఆ చేతులతోనే చప్పట్లు కొడుతూ, కంజీర వాయిస్తూ, పాటలు పాడుతూ అందరూ డార్క్ రూములోకి వచ్చారు. పట్టనివాళ్లు గుమ్మంలో నిలబడి లోపలివాళ్ల భుజాల మీదుగా తొంగి చూశారు. ఎర్ర బల్బు కింద అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

సంఘంలో పెద్దావిడ అచ్చమ్మ గారు ఒక సంచి దగ్గర ఆగిపోయారు. "అయ్యో నాయనా, అప్పుడే బూజు పట్టిందే!" అని కొంగుతో పైన తుడిచారు. బెజ్జంలో వేలు పెట్టి లోపల కూడా చూశారు.

"తలా ఒక సంచి మీద చెయ్యి ఉంచండి," అన్నారు అయ్యగారు. అందరూ ఉంచారు. చెయ్యి అందనివాళ్లు ఉంచినవాళ్ల మోచేయి పట్టుకున్నారు. అయ్యగారు పెద్ద ప్రార్థన చేశారు. నాతో మొదలుపెట్టి, వరి రైతులు, రొయ్యల చెరువులు, వర్షాలు, ప్రభుత్వాల మీదుగా తిరిగి నా దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత చిన్న సీసాలో నూనె తీసి, సంచి సంచికీ వేలితో అద్దుకుంటూ వెళ్లారు. సింకు దగ్గరకొచ్చి వంగబోయి, మోకాళ్లు పట్టేసి ఆగిపోయారు. "కిందవాటిని దేవుడే చూసుకుంటాడులెండి," అన్నారు.

నేను కెమెరా తీసుకుని గ్రూపు ఫొటో తీశాను. ఒక్క ఫోను కూడా అడ్డం రాలేదు. ఆ సాయంత్రం నా అంత సంతోషంగా ఉన్న మనిషి బందరు మొత్తంలో ఇంకొకడు లేడు.

ఆ తర్వాతి వారానికల్లా సంచులు పచ్చబడ్డాయి. మొదట నూనె అద్దినచోట, తర్వాత చేతులు పెట్టినచోట, ఆ తర్వాత సంచి మొత్తం. అచ్చమ్మ గారు వేలు పెట్టిన సంచి అన్నిటికంటే ముందుంది. తలుపు తియ్యగానే కుళ్లు వాసన గుప్పున కొట్టింది. రామలక్ష్మి గారికి ఫోన్ చేశాను.

"గదిలోకి ఎవరెవరు వెళ్లారండీ?" అని అడిగారు.

"నేనొక్కడినేనండి," అన్నాను. కాస్త ఆగి, "మా సంఘం కూడా," అన్నాను.

"సంఘమంటే?"

"ఒక యాభై మంది ఉంటారండి. పునుగులు తిని వెళ్లారు."

ఫోను కట్టయిందనుకుని రెండుసార్లు హలో అన్నాను. చివరికి, పచ్చబడిన సంచులన్నీ ఊరి బయటికి తీసుకెళ్లి పూడ్చెయ్యమని, తెల్లగా ఉన్నవేమైనా మిగిలితే వాటి జోలికి ఎవర్నీ వెళ్లనివ్వద్దని చెప్పారు. ఆవిడ గొంతులో కోపం కంటే జాలి ఎక్కువగా వినిపించింది, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

యాకూబ్ ఆటో మాట్లాడాడు. ఇద్దరం సంచులు ఎక్కించి ఊరి బయటికి తీసుకెళ్లి, పూడ్చడానికి గొయ్యి తియ్యడం మొదలుపెట్టాం. "ఒక్కటి ఉంచు బావా, ఫ్రేము కట్టిస్తాను," అన్నాడు. నవ్వబోయాను గాని ఏడుపొచ్చింది. గడ్డి పోయినందుకు కాదు. షట్టరు మీద రోజా కర్రీ పాయింట్ బోర్డు అప్పుడే కళ్లకి కట్టింది. యాకూబ్ చూసి, నా చేతిలోని పలుగు తను అందుకున్నాడు.

ఇంటికి వెళ్లి కృపకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను ముందే చెప్పానని అంటుందనుకున్నాను. అనలేదు. "మొత్తం పోయాయా?" అని మాత్రం అడిగింది. సింకు కింద ఉన్నవి బాగానే ఉన్నాయన్నాను. అయ్యగారి మోకాళ్ల పుణ్యమా అని వాటికి ఎవరి చెయ్యీ తగల్లేదు. "అయితే వాటిని చూసుకోండి," అంది. మిగిలిన గడ్డితో కొత్తగా సంచులు నింపుకోమని కూడా ఆవిడే అంది. ఈసారి గది మళ్లీ కడిగి, సున్నం వేసి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, ఒక్కణ్నే నింపాను. యాకూబ్‌ని కూడా గుమ్మంలోనే ఆపేశాను. అతను కుర్చీ తెచ్చుకుని గుమ్మం బయట కూర్చుని, అక్కడి నుంచే ఆటపట్టించాడు.

సంఘంవాళ్లకి మాత్రం ఏమీ చెప్పలేదు. రోడ్డు మీద కనబడి, "ఎంతవరకు వచ్చిందండీ మన పంట?" అని అడిగేవారు. ఆ 'మన' అన్న మాట వినగానే నిజం చెప్పబుద్ధయ్యేది కాదు. దేవుడి దయ అనేసి తప్పుకునేవాణ్ని.

పండగ ముందు రోజు సింకు కింద సంచులు విరగకాశాయి. తెల్లగా, ఒకదాని మీద ఒకటి మడతలు పడినట్టు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. అవి నలగకుండా ఒక్కొక్క గుత్తే కోశాను. కృప ఒక వెదురు బుట్టలో తెల్లగుడ్డ పరిచి ఇచ్చింది. బుట్ట నిండింది.

ఆదివారం ఆ బుట్ట గుమ్మడికాయలకీ, అరిచే కోళ్లకీ మధ్య బల్ల ముందు కూర్చుంది. అయ్యగారు ప్రసంగం మధ్యలో దిగివచ్చి ఒక గుత్తి పైకెత్తి చూపించారు. "ప్రియులారా, ఆ రోజు మనమంతా చేతులుంచి ప్రార్థించిన పంట ఇదే!" అన్నారు. చర్చంతా చప్పట్లు. "రత్నం గారు సాక్ష్యం చెబుతారు," అన్నారు.

ఉన్న సంగతి చెప్పేద్దామనే లేచాను. ఎదురుగా చూస్తే వాళ్లంతా, పునుగులు తిన్న ఆ యాభై మందీ, కన్నబిడ్డ మార్కులు వినడానికి వచ్చినట్టు నా వంక చూస్తున్నారు. "మీ ప్రార్థనల ఫలమేనండీ ఇదంతా," అన్నాను. మళ్లీ చప్పట్లు. కూర్చునేసరికి, ఏమో, నిజంగా అంతేనేమో అని నాకే అనిపించడం మొదలైంది. పొగడ్త వింటే నా బుర్ర ఆ మాత్రం పని చేస్తుంది. ఆడవాళ్ల వైపు నుంచి కృప నన్నే చూస్తోంది.

వేలంలో బుట్ట కోసం పోటీ పడ్డారు. చివరికి అచ్చమ్మ గారు పాడుకుని, బుట్ట చంకన పెట్టుకుని, "ఇంతకీ వీటిని ఎలా వండాలి నాయనా?" అని అడిగారు. ఆ నవ్వులు ఆగక ముందే అయ్యగారు మైకు అందుకున్నారు. "ఇంత ఆశీర్వాదం చూశాక ఊరుకోకూడదు. ఇప్పుడే అందరం రత్నం గారి స్టూడియోకి వెళ్లి, కొత్త సంచుల మీద కూడా చేతులుంచి ప్రార్థన చేద్దాం," అన్నారు.

కొత్త సంచులు అప్పుడప్పుడే తెల్లబడుతున్నాయి. ఇవి పోతే మళ్లీ నింపడానికి గడ్డి లేదు, పుట్టగొడుగులకి కావలసిన ఈ చలి రోజులు కూడా వెళ్లిపోతాయి. ఈ చేతులన్నీ ఇంకొక్కసారి లోపలికి వెళ్తే వారంలో స్టూడియో పోయినట్టే. అయినా నేను ఏం చేశాను? పాటలు పాడుతూ వెళ్తున్న జనానికి ముందు నడిచాను. మధ్యలో ఒకాయనకి దారి కూడా చూపించాను.

షట్టరు దగ్గరికి వచ్చాం. అయ్యగారు పక్కకి జరిగి నాకు చోటిచ్చారు.

"తాళం ఇంట్లో మర్చిపోయానండీ," అన్నాను. తాళం నా చొక్కా జేబులో బరువుగా ఆనుతోంది.

"ఫరవాలేదు, టీచరు గారి దగ్గర ఇంకోటి ఉంటుందిగా," అన్నారు అయ్యగారు. అందరూ కృప వైపు తిరిగారు.

కృప పక్కనే రోజా నిలబడి ఉంది. కృప హ్యాండ్‌బ్యాగు తెరిచి, వెతికి, తాళం చెవి బయటికి తీసింది. ఆవిడ చెయ్యాల్సిందల్లా షట్టరు ఎత్తడం. ఒక్క మాట అనకుండానే, ఎవరితో చెడ్డ అనిపించుకోకుండానే, వారం తిరిగేసరికి ఆవిడ కోరుకున్నది జరిగిపోతుంది. జరిగినా తప్పు ఆవిడది కాదు, అంతా నా చేతులారా చేసుకున్నదే. నేను నేల వంక చూస్తూ నిలబడ్డాను.

"ఉందండీ. కానీ తియ్యను," అంది కృప.

పాట ఆగిపోయింది.

"తప్పుగా అనుకోకండి అయ్యగారూ. ఆ రోజు మీరంతా చేతులు పెట్టిన సంచులు ఒక్కటి కూడా మిగల్లేదు. పచ్చ బూజు పట్టి కుళ్లిపోయాయి. ఈయనా, యాకూబ్ గారూ తీసుకెళ్లి పూడ్చేశారు. ఇవాళ బల్ల ముందు పెట్టినవి సింకు కిందవి, మీ చెయ్యి తగలనివి. మీరు నొచ్చుకుంటారని ఈయన ఇన్నాళ్లూ లోపల లోపలే కుమిలిపోయారు. ఎవరినీ కాదనడం ఈయనకి రాదు. నాకు వచ్చు."

అయ్యగారి మొహం ఎర్రబడింది. అచ్చమ్మ గారు బుట్ట ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుని, "నే చెబుతూనే ఉన్నాను, బూజు పట్టిందని!" అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. అయ్యగారు తన రెండు చేతులూ తిప్పి చూసుకుని, ఆయన కూడా నవ్వేశారు.

"దేవుడికి షట్టరు అడ్డమాండీ? ఇక్కడే చేద్దాం," అన్నారు.

రోడ్డు మీదే నిలబడి ప్రార్థన చేశాం. వెనక ఆటోలు హారన్లు కొడుతుండటంతో ప్రార్థన చిన్నదిగానే అయిపోయింది. యాకూబ్ షాపులోంచి బయటికి వచ్చి, మాతో పాటు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అందరూ వెళ్లిపోతుంటే రోజా వెనక నిలబడిపోయింది. "టీచరు గారూ, మరి షాపు సంగతి?" అని మెల్లగా అడిగింది.

"నువ్వు వేరేది చూసుకో తల్లీ. నేను కూడా వెతికి పెడతాను," అంది కృప. "ఈ షాపులో మా ఆయన ఉంటారు."

అంతే అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. థ్యాంక్స్ చెప్పాలని నోరు తెరిచేలోపు ఆవిడ నా వైపు తిరిగి చెయ్యి చాపింది.

"మీ జేబులో తాళం ఇటివ్వండి."

"ఇచ్చేస్తే రేపు నేను షట్టరు ఎలా తియ్యాలి?"

"నేను తీస్తాను. మీ దగ్గరుంటే ఎవరడిగినా తీసేస్తారు," అంది.

ఇచ్చేశాను. ఇప్పుడు రోజూ స్కూలుకి వెళ్లే ముందు ఆవిడే వచ్చి షట్టరు తీస్తుంది. మూడో తరగతి పిల్లలకి చూసినట్టు నా చేతులు రెండు వైపులా తిప్పి చూసి, గోళ్లు కూడా చూసి, అప్పుడు లోపలికి పంపిస్తుంది.